సావు ఖర్చు: లింగంపల్లి నుంచి వికారాబాద్ దాకా ఒక తోపుడు బండి కథ

ఈ రోజు మాట్లాడుకునేది మన ఇళ్ళల్లో ఎవరూ ముందుగా మాట్లాడని సంగతి: సావు ఖర్చు. ఇంట్లో ఎత్తితే "అపశకునం మాటలేందిరా" అని అమ్మ తిడుతుంది, తెలుసు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఎందుకంటే రేపు ఇంట్లో ఎవరైనా పోతే, పెద్దోళ్ళు ఏడుస్తుంటే, ఫోన్ పట్టుకుని బండి మాట్లాడేది, ఫ్రీజర్ పెట్టె తెప్పించేది మీరే.

2016 నవంబరు 4. హైదరాబాద్ లింగంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర ఒక ఆమె చనిపోయింది. భార్యాభర్తలిద్దరూ అడుక్కుని బతికేవాళ్ళు, ఇద్దరికీ కుష్ఠు వ్యాధి. సొంతూరు సంగారెడ్డి జిల్లాలో. అక్కడికి తీసుకుపోయి అంత్యక్రియలు చేయాలని భర్త అనుకున్నాడు. బండి అడిగితే 5,000 రూపాయల దాకా చెప్పారు. అంత డబ్బు లేదు. తోపుడు బండి మీద భార్యను పడుకోబెట్టి నెట్టుకుంటూ బయల్దేరాడు.

దారి తప్పాడు. పటాన్‌చెరు వైపు ముంబై రోడ్డు పట్టుకోవాల్సిన మనిషి, నెట్టుకుంటూ నెట్టుకుంటూ మరుసటి రోజుకి వికారాబాద్‌లో తేలాడు. ఎన్ని కిలోమీటర్లంటే కొన్ని పత్రికలు 60 అని రాశాయి, కొన్ని 80 అని రాశాయి. ఏదైనా ఒక రాత్రి, ఒక పగలు. వికారాబాద్‌లో రోడ్డు పక్కన శవం దగ్గర కూర్చుని ఏడుస్తుంటే జనం చూశారు. విషయం తెలుసుకుని డబ్బులు పోగేశారు. పోలీసులు అంబులెన్స్ మాట్లాడి ఊరికి పంపించారు.

ఒక్క సంగతి గమనించండి. వికారాబాద్ జిల్లా పుట్టిందే 2016 అక్టోబరు 11న. సంగారెడ్డి జిల్లా కూడా అదే రోజు. అంటే కొత్త జిల్లాకు ఇంకా నెల నిండలేదు. ఇంకోటి, లింగంపల్లి, వికారాబాద్, తాండూరు మూడూ ఒకే రైలు లైను మీద ఉన్నాయి. నిజాం కాలంలో 1874లో వేసిన సికింద్రాబాద్–వాడి లైను. బతికున్న మనిషికి రైలు టికెట్టు ఎంత చవకో మీకు తెలుసు. శవాన్ని మాత్రం పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి, సర్టిఫికెట్ చూపాలి, పెట్టె చేయించాలి. అడుక్కునే మనిషి ఆ కౌంటర్ దాకా పోతాడా?

ఈ వార్తకు రెండు నెలల ముందే, ఆగస్టులో, ఒడిశాలోని కలహండిలో ఒకాయన భార్య శవాన్ని భుజాన వేసుకుని నడిచిన వీడియో దేశమంతా తిరిగింది. 2016 చివర్లో మన రాష్ట్రంలో ఉచిత పార్థివ వాహనాలు మొదలయ్యాయి, 50 బండ్లతో. వికారాబాద్ ఘటన ఒక్కదాని వల్లే వచ్చాయని నేను అనను. కానీ ఒక మాట చెప్పాలి. ఆ బండ్లు సర్కారు దవాఖానాలో చనిపోయిన వాళ్ళ కోసం. దవాఖాన నుంచి ఊరిదాకా దింపుతారు, పైసా తీసుకోరు. స్టేషన్ బయట పోయిన ఆ తల్లి ఆ లెక్కలోకి రాదు.

సరే, వెనక్కి పోదాం. "మా కాలంలో సావుకి ఇంత ఖర్చెక్కడిది, ఊరంతా కలిసి చేసేది" అని తాతలు అంటారు కదా. సగం నిజం. డప్పు కొట్టేవాళ్ళు, పక్కూళ్ళకు సావు కబురు మోసేవాళ్ళు, బట్టలుతికే చాకలి, గడ్డం తీసే మంగలి, కుండ ఇచ్చే కుమ్మరి, శంఖం ఊదే జంగం, కాటికాపరి... ఇన్ని చేతులు పడితేనే ఒక పెద్దింటి శవం లేచేది. వాళ్ళకి ఇచ్చేదేంది? పంట కోతకి కొన్ని గింజలు, పాత బట్ట, చిల్లర. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖ్‌ల ఊళ్ళల్లో అది కూడా దిక్కు లేదు, వెట్టి. కబురు మోయనంటే తన్నులు. అప్పుడు ఖర్చు లేదని కాదు. ఆ ఖర్చు కులం పేరుతో ఇంకొకడు కట్టాడు. ఈ రోజు డప్పు వాళ్ళు ఇంత ఇస్తేనే వస్తామని ముందే రేటు చెప్తే కొందరికి కోపం వస్తుంది. నాకైతే అది రావాల్సిన మార్పు అనిపిస్తుంది.

కాటి దగ్గర డబ్బు అడగడం కొత్తదేం కాదు. హరిశ్చంద్రుడి కథ గుర్తు చేసుకోండి. కొడుకు లోహితాస్యుడి శవంతో చంద్రమతి వస్తే, కాటికాపరిగా ఉన్న హరిశ్చంద్రుడు కాటి సుంకం కట్టమంటాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో ఆ కాటి సీను కోసమే జనం తెల్లారేదాకా కూర్చునేవాళ్ళు. జాషువా శ్మశాన పద్యాలు కూడా ఆ సీన్లో కలిసిపోయాయి. తన కొడుకని తెలియకుండా సుంకం అడగడం వేరు, తెలిశాక కూడా అడగడం వేరు. ఏడుపంతా అక్కడే ఉంది.

ఇక సినిమాల్లో చూసే "ఫ్యూనరల్ హోమ్". అది అమెరికాలో పెరిగింది. 1861–65 అంతర్యుద్ధంలో ఎక్కడో దూరంగా చనిపోయిన సైనికుల్ని ఇంటికి పంపాలంటే శవం పాడవకుండా మందు ఎక్కించాల్సి వచ్చింది. 1865లో లింకన్ శవాన్ని రైల్లో ఊరూరా చూపిస్తూ తీసుకుపోయారు, దాంతో జనానికి ఆ పద్ధతి తెలిసింది. మెల్లగా శవం ఇంట్లోంచి దుకాణంలోకి పోయింది. బిల్లులు పెరిగి, గొడవలై, చివరికి 1984లో అక్కడ ఒక రూలు పెట్టారు: ప్రతి సేవకి విడిగా ధర రాసివ్వాలి, ఫోన్లో అడిగినా చెప్పాలి, ప్యాకేజీ మొత్తం కొనమని బలవంతం చేయకూడదు.

మన తాండూరులో అలాంటి బిల్డింగ్ లేదు, అలాంటి రూలూ లేదు. కానీ పని ముక్కలు ముక్కలుగా దుకాణాల్లోకి పోయింది. టెంట్ హౌస్ వాడే కుర్చీలిస్తాడు, ఫ్రీజర్ పెట్టె కూడా ఇస్తాడు. దవాఖాన గేటు ముందు నిలబడ్డ డ్రైవరే మన "ఎంపిక". పది నిమిషాల్లో అయిపోయే ఎంపిక అది.

మా పెద్దనాయన హైదరాబాద్‌లో ఒక దవాఖానాలో పోయినప్పుడు నేనే మాట్లాడిన. గేటు దగ్గర ఒకాయన చెప్పిన రేటుకి సరేనన్న. తాండూరు చేరాక తిరుగు కిలోమీటర్లు వేరే, ఆగిన టైముకి వేరే, డ్రైవర్ బత్తా వేరే అన్నాడు. శవం ఇంకా బండిలోనే ఉంది, ఆడోళ్ళు ఏడుస్తున్నారు. ఎవడు బేరమాడతాడు? ఇచ్చేసిన. ఇప్పుడైతే నాలుగే మాటలు అడుగుత: రాను పోను కలిపి ఎంత, వెయిటింగ్ ఎంత, టోలు ఎవరిది, ఇదంతా వాట్సాప్‌లో రాసి పంపుతవా. ఫ్రీజర్ పెట్టెకి కూడా అంతే. రోజు కిరాయి అంటే క్యాలెండర్ రోజా, 24 గంటలా? కరెంటు పోతే ఎట్ల?

బిల్లు కట్టేదాకా శవం ఇవ్వమని ఏ దవాఖాన అన్నా ఊరుకోవద్దు. జాతీయ మానవ హక్కుల సంఘం 2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో, చనిపోయిన వాళ్ళ గౌరవం మీద ఇచ్చిన సూచనల్లో ఇది కూడా ఉంది. శవాల బండ్ల రేట్లను అదుపులో పెట్టమనీ అందులోనే చెప్పింది.

ఇక కాష్ఠం. ఒక శవానికి సుమారు 300 నుంచి 500 కిలోల కట్టెలు పడతాయి. వానాకాలం పచ్చి కట్టెలు తెచ్చిపెడితే ఇంకా ఎక్కువ, కిరోసిన్ పోసినా కాలవు. అందరూ కాల్చరు కూడా. మా దిక్కు లింగాయతులు ఎక్కువ, వాళ్ళు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ముస్లింలకు గుసుల్, కఫన్, కబరస్తాన్. క్రైస్తవులకు పెట్టె, చర్చి స్థలం. కట్టెల ఖర్చు లేని చోట గుంత తవ్వే కూలీ, బండ ఖర్చు వస్తాయి. బండల ఊర్లోనే ఉన్నాం కాబట్టి అదొక్కటి మనకి అందుబాటు.

2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలయ్యాక ఊరికో వైకుంఠధామం కట్టారు, ఎక్కువగా ఉపాధి హామీ డబ్బులతో. అంతకు ముందు చాలా ఊళ్ళల్లో వాగు ఒడ్డు, చెరువు కట్ట, లేకపోతే ఎవరిదో పొలం గట్టు. పొలం అమ్ముడుపోతే శవంతో ఎటు పోవాలో తెలియని ఇళ్ళు ఉండేవి. ఇప్పుడు గద్దె ఉంది, షెడ్డు ఉంది, స్నానాల గది ఉంది. కట్టెలు పేర్చడం వచ్చిన మనిషి మాత్రం సర్కారు లెక్కలో లేడు, వాడిని మనమే వెతుక్కోవాలి.

ఒక కాగితం పని కూడా చెప్పి ముగిస్తా. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించండి, ఊళ్ళో పంచాయతీలో, టౌన్లో మున్సిపాలిటీలో. ఇది 1969 చట్టం. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాకా పోవాలి. ఈఎస్ఐ కార్డున్న కార్మికుడు చనిపోతే అంత్యక్రియలకి 15,000 దాకా ఇస్తారు, దానికీ ఆ సర్టిఫికెట్ కావాలి.

మొన్న ఇల్లు సర్దుతుంటే మా తాత దినాల లెక్క రాసిన పాత నోట్‌బుక్ దొరికింది. బియ్యం, పప్పు, నూనె, పంతులు, కొత్త బట్టలు, అన్నీ అణా పైసలతో సహా ఉన్నాయి. డప్పు కొట్టినోళ్ళకి, గుంత తవ్వినోళ్ళకి ఏమిచ్చారని పేజీలన్నీ తిరగేసిన. ఆ లైనే లేదు.