రిషివ్యాలీ పల్లె బడులు – విద్యా వినిమయం

మదనపల్లె దగ్గర కురబలకోట మండలంలోని రిషివ్యాలీ కేంద్రంగా నడిచే ప్రాథమిక పాఠశాలలు ఇవి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలే రిషివ్యాలీ విద్యాసంస్థకు మూలం. చుట్టుపక్కల ఊళ్ల పిల్లల కోసం వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు ఇక్కడ కొత్త బోధన పద్ధతిని రూపొందించారు.

ఈ పద్ధతిలో ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కూర్చుంటారు. గోడమీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. పిల్ల దానిలో తన మెట్టు చూసుకుని, ఆ మెట్టు గుర్తున్న కార్డు తెచ్చుకుని, ఆ పనికి కేటాయించిన గుంపులో చేరుతుంది. కొన్ని రోజులు బడి మానేసినా, ఆగిన చోటినుంచే మొదలుపెట్టవచ్చు. కూలిపనుల కాలంలో బడికి దూరమయ్యే పిల్లలకు ఇంతకన్నా మేలైన ఏర్పాటు అరుదు. స్థానిక కథలూ పాటలూ పాఠాల్లో చేరాయి.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె ఉపాధ్యాయులు వచ్చి ఈ బడులు చూసి వెళ్లాక కర్ణాటకలో 'నలి కలి' అనే బోధన పద్ధతి రూపుదిద్దుకుంది. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులూ ఈ బాట పట్టాయి. జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయంతోనూ వినిమయం సాగింది. అక్కడ ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవారు ఇక్కడికి వచ్చి పల్లె బడుల్లో నేర్చుకున్నారు. పల్లె బడి ఐరోపాకు పాఠం చెప్పడం ఈ వినిమయంలోని అసలు విశేషం.