నలుపు పక్కన నలుపు

మీ ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటరు ఉంటే, ముందుగా దాని ప్లగ్గును గోడ సాకెట్ నుంచి తీసేయండి. తరువాత పక్క మూత విప్పి లోపలికి చూడండి. పవర్ సప్లయి పెట్టె నుంచి బయలుదేరిన తీగల గుత్తి ఒకటి మదర్‌బోర్డు అంచున ఒక వెడల్పాటి ప్లగ్గుతో ముగుస్తుంది. ఆ ప్లగ్గును ఊడదీసి ముఖం చూస్తే రెండు వరుసల్లో 24 గదులు కనిపిస్తాయి. అవన్నీ ఒకేలా ఉండవు. కొన్ని నిండు చదరాలు, కొన్నింటికి మూలలు చెక్కేసి ఉంటాయి. ఈ తేడా అందం కోసం పెట్టినది కాదు. ఇలాంటి గదులు రాకముందు కాలిపోయిన బోర్డులు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి నా చేతి మీదుగా పోయినదే.

అది భిలాయిలో జరిగింది. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడ ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబాలూ వారిలో ఉన్నాయి. 1990ల మధ్యకు ఆ కుటుంబాల రెండో తరం పిల్లలు కంప్యూటరు నేర్చుకోవాలని తహతహలాడుతున్నారు. కంపెనీ కంప్యూటరు కొనే స్తోమత ఎవరికుంది? విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకోవడం మొదలైంది. సాయంత్రాలు వాళ్లకు పాఠం చెప్పే పని నాకు పడింది.

అప్పటి యంత్రాల వరుస ఐబీఎం నుంచి వచ్చింది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ విడుదలైనప్పుడు దాని పవర్ సప్లయి సామర్థ్యం 63.5 వాట్లు మాత్రమే. 1984లో వచ్చిన ఏటీ నమూనాకు అది 192 వాట్లయింది. వాట్లు పెరిగినా, బోర్డుకు కరెంటు అందించే పద్ధతి మారలేదు. ఆరేసి తీగల ప్లగ్గులు రెండు, పక్కపక్కన. వాటి పేర్లు పీ8, పీ9. రెండింటి కొలతా ఒకటే, ఆకారమూ దాదాపు ఒకటే. ఏది ఎడమ, ఏది కుడి అన్నది బిగించేవాడు గుర్తు పెట్టుకోవాలి. అందుకు మేము పిల్లలకు నూరిపోసిన సూత్రం ఒక్కటే: నలుపు పక్కన నలుపు. ఒక్కో ప్లగ్గులో ఒక చివర రెండు నల్ల తీగలు ఉండేవి. అవి గ్రౌండు. రెండు ప్లగ్గులూ సరిగ్గా కూర్చుంటే నాలుగు నల్ల తీగలూ మధ్యలో కలిసేవి.

తారుమారైతే ఏమయ్యేదో కాగితం మీద గీసి చూడండి. సరైన వరుసలో పీ8 తీగలు ఇవి: పవర్ గుడ్ సంకేతం, +5, +12, -12 వోల్టులు, రెండు గ్రౌండ్లు. పీ9లో రెండు గ్రౌండ్లు, -5, తరువాత మూడు +5లు. ఇప్పుడు పీ9ను పీ8 చోట పెట్టండి. బోర్డులో గ్రౌండు ఉండవలసిన రెండు చోట్లకు 5 వోల్టులు వస్తాయి. పీ8ను పీ9 చోట పెట్టండి. 5 వోల్టులు ఉండవలసిన మూడు చోట్లలో రెండింటికి గ్రౌండు, ఒకదానికి -12 వోల్టులు వస్తాయి. అంటే చిప్పులన్నిటికీ సరఫరా తలకిందులుగా అందుతుంది. ప్రతి చిప్పు లోపలా ఎదురు దిశలో కరెంటును అడ్డుకునే చిన్న డయోడ్లు ఉంటాయి. సరఫరా తిరగబడితే ఆ డయోడ్లే తలుపులు తెరిచి, భారీ కరెంటును లోపలికి పోనిస్తాయి. అదృష్టం ఉంటే పవర్ సప్లయి షార్టును పసిగట్టి తానే ఆగిపోయేది. లేకపోతే సన్నగా పొగ.

1996లో ఒక సాయంత్రం నాకు ఆ అదృష్టం లేకపోయింది. మాటల్లో పడి, వెలుతురు సరిగా లేని మూల చెయ్యి పెట్టి, చూడకుండా నొక్కేశాను. స్విచ్ వేశాం. వాసన వచ్చింది. అది ఒక విద్యార్థి తండ్రి నెలల తరబడి కూడబెట్టి కొన్న బోర్డు. ఆయన కర్మాగారంలో ఎలక్ట్రీషియన్. మర్నాడు వచ్చి, కాలిన బోర్డునూ ఆ రెండు ప్లగ్గులనూ చేత్తో తిప్పితిప్పి చూశారు. కోప్పడలేదు.

“తప్పుగా కూడా పట్టేస్తే అదేం ప్లగ్గండీ మాస్టారూ?” అన్నారు. “మా దగ్గర మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. చూసి, ఆపి, మార్చుకుంటాం. దీనికి ఆ రెండో అవకాశం లేదు కదా.”

బోర్డు ఖరీదు నేనే విడతలుగా ఇచ్చుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం అప్పటికే వేరే చోట తయారై ఉందని నాకు తరువాత తెలిసింది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొత్త ప్రమాణాన్ని ప్రకటించింది. రెండు ప్లగ్గులకు బదులు 20 తీగల ప్లగ్గు ఒక్కటే. నిండు చదరపు గది మూలలు చెక్కిన గదిలోకి పోదు, కాబట్టి తిప్పి పెడితే దిగదు. పక్కన ఒక కొక్కెం ఉంటుంది, పూర్తిగా దిగాక ‘టక్’మని పడుతుంది. గుర్తు పెట్టుకునే భారం చేతి నుంచి ప్లాస్టిక్కుకు బదిలీ అయింది. చిన్న పట్టణాల్లో పాత బోర్డులు ఆ తరువాత కూడా కొన్నేళ్లు నడిచాయి.

ఈ మార్పులో ఇంకో సంగతి ఉంది, నా లెక్కలో ఇదే పెద్దది. ఆ కాలపు ఏటీ పెట్టెల్లో చాలావాటికి ముందువైపున్న బటన్ దాకా 230 వోల్టుల తీగలు వచ్చేవి. బటన్ వెనక రేకు తొడుగు జారితే ప్రాణానికే ముప్పు. ఏటీఎక్స్‌లో బటన్ దగ్గర ఉండేది చిన్న వోల్టేజీ సంకేతమే. దానిని అందుకున్న బోర్డు ఒక ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలిపితే పవర్ సప్లయి మేలుకుంటుంది. ఇందుకోసం ఊదారంగు తీగలో 5 వోల్టులు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అంటే కంప్యూటరును ‘ఆపేశాం’ అనుకున్నప్పుడు కూడా బోర్డులో కరెంటు ఉంటుంది! కర్మాగారంలో షట్‌డౌన్ తీసుకోకుండా మోటారు మీద చెయ్యి వెయ్యని మనుషులు, ఇంట్లో కంప్యూటరును మాత్రం గోడ ప్లగ్గు తీయకుండానే విప్పేవారు. మీరు అలా చేయకండి.

రంగుల విషయంలో ఒక చిక్కు. పాత సప్లయిలో నారింజ రంగు పవర్ గుడ్ సంకేతం. ఏటీఎక్స్‌లో అదే రంగు 3.3 వోల్టులైంది, పవర్ గుడ్ బూడిదరంగుకు మారింది. వోల్టులన్నీ స్థిరపడ్డాకనే ఈ సంకేతం వస్తుంది, అంతవరకు ప్రాసెసరు రీసెట్‌లోనే ఆగి ఉంటుంది. ఇప్పటి సప్లయిల్లో చాలావాటికి తీగలన్నీ నలుపే, కాబట్టి రంగును కాక ఆకారాన్నే నమ్ముకోవాలి.

తరువాత ప్రాసెసర్ల ఆకలి పెరిగింది. 60 వాట్లు 5 వోల్టుల మీద పంపితే 12 ఆంపియర్లు పారాలి. 12 వోల్టుల మీదైతే 5 ఆంపియర్లు చాలు. కనెక్టరులో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, 144ను 25తో భాగిస్తే తేడా దాదాపు ఆరు రెట్లు. కోర్బా థర్మల్ కేంద్రాల విద్యుత్తు వందల కిలోవోల్టుల లైన్ల మీద ప్రయాణించేది కూడా ఈ లెక్క వల్లనే. అందుకే 2000లో, పెంటియం 4 కాలంలో, ప్రాసెసరు కోసమే 12 వోల్టుల నాలుగు తీగల ప్లగ్గు వేరుగా వచ్చింది. 2003లో పెద్ద ప్లగ్గు 20 నుంచి 24కు పెరిగింది. కొత్తగా బిగించేవారు ఎక్కువగా మరిచేది ఆ చిన్న ప్లగ్గునే. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు.

ఇప్పుడది చాలా బోర్డుల్లో ఎనిమిది తీగలది. గ్రాఫిక్స్ కార్డుకూ ఎనిమిది తీగల ప్లగ్గు ఉంది, చూపుకు కవలల్లాంటివి. ప్రాసెసరు ప్లగ్గులో కొక్కెం వైపు 12 వోల్టులు, కార్డు ప్లగ్గులో కొక్కెం వైపు గ్రౌండు. గదుల ఆకారం వేరే కాబట్టి మామూలుగా దిగవు. దిగకపోతే బలం ఉపయోగించకండి. ఊడదీసే తీగలున్న సప్లయిల్లో ఇంకొక ముప్పు ఉంది. పెట్టె వైపు కొసకు అందరూ పాటించే ప్రమాణం లేదు. ఒక కంపెనీ తీగ ఇంకొక కంపెనీ పెట్టెలో చక్కగా దిగిపోయి హార్డ్‌డిస్కును కాల్చేయవచ్చు. సప్లయి మారిస్తే తీగలు కూడా మార్చండి.

ఆ ఎలక్ట్రీషియన్ ప్రశ్న 2022లో మళ్లీ గుర్తుకొచ్చింది. గ్రాఫిక్స్ కార్డుల కోసం 600 వాట్ల వరకు మోసే చిన్న ప్లగ్గు ఒకటి వచ్చింది. 12 వోల్టుల మీద 600 వాట్లంటే 50 ఆంపియర్లు. వాటిని ఆరు పిన్నులు పంచుకోవాలి, ఒక్కోదాని మీద ఎనిమిదికి పైగా. తిప్పి పెట్టడం దానితో కుదరదు. సగమే దిగి ఆగిపోవడం మాత్రం కుదురుతుంది. అలా ఆగిన కొన్ని ప్లగ్గులు అదే ఏడాది అక్టోబరు నుంచి కరిగిపోవడం మొదలైంది. 2023లో సంకేతపు పిన్నులను పొట్టిచేసి సవరించారు. సగం దిగిన ప్లగ్గుకు అవి అందవు, కాబట్టి కార్డు కరెంటు లాగకూడదు. ఆ తరువాత కూడా ఫిర్యాదులు పూర్తిగా ఆగలేదు. కనుక ప్లగ్గు నొక్కాక అంచు దగ్గర వేలితో తడిమి చూడండి. సందు తగిలితే ఇంకా దిగాలి.