మల్కిభరాముని సమాధి దగ్గర

చర్లపల్లిలో మా మేడ మీదికెక్కి చూస్తే మౌలాలి గుట్ట కనిపిస్తుంది. ఆ గుట్ట మీది దర్గా గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో వెలసిందని ఇక్కడివారు చెప్పుకునే గాథ. రోజూ ఆ గుట్టను చూస్తూ కూడా ఆయన సమాధిని శ్రద్ధగా చూడలేదన్న వెలితి చాలాకాలంగా ఉండేది. మొన్నొక ఆదివారం బయలుదేరాను. నగరం తూర్పు కొస నుంచి పడమటి కొసకు ప్రయాణం. దారిలో దాటిన హుస్సేన్ సాగర్ కట్ట కూడా ఆయన ఏలుబడిలో పోసినదే.

కుతుబ్ షాహీ సమాధులు గోల్కొండ కోట బంజారా దర్వాజాకు ఆవల, ఇబ్రహీంబాగ్‌లో ఉన్నాయి. వంశకర్త సుల్తాన్ కులీ తన సమాధిని బ్రతికుండగానే కట్టించుకున్నాడు. 1543లో నమాజు చేసుకుంటుండగా హతుడయ్యాడు. ఆ హత్య వెనుక కొడుకు జంషీద్ ఉన్నాడని చరిత్రకారుల మాట. తండ్రీ కొడుకులిద్దరూ ఇప్పుడు ఒకే తోటలో నిద్రిస్తున్నారు!

నిర్మాణపద్ధతి అన్నింటా దాదాపు ఒకటే. ఎత్తైన అరుగు, దాని మీద కమానుల చతురస్రపు కట్టడం, మూలల్లో చిన్న మినార్లు, పైన గుమ్మటం. గుమ్మటం మొదట చుట్టూ తామర రేకులు విచ్చుకుని ఉంటాయి. పారశీక గుమ్మటాన్ని దక్కను శిల్పి తామరపువ్వులో కూర్చోబెట్టాడనిపిస్తుంది నాకు. లోపల కనిపించే నల్లరాతి దిమ్మె గుర్తు మాత్రమే. అసలు ఖననం కింది నేలమాళిగలో. జంషీద్ సమాధి మాత్రం ఎనిమిది పలకలుగా, రెండంతస్తులతో వేరుగా నిలుస్తుంది.

ఇబ్రహీం సమాధి దక్షిణపు ముఖాన పూర్వపు రంగుపలకల శకలాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను.

అన్న జంషీద్‌కు భయపడి ఇబ్రహీం విజయనగరం చేరి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళు గడిపాడు. 1550లో తిరిగివచ్చి గద్దెనెక్కాడు. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవి ఆయన చేత చింతలపాలెం అగ్రహారం పొందాడు. పొన్నెగంటి తెలగన్న తన అచ్చతెనుగు కావ్యం యయాతి చరిత్రను అంకితమిచ్చింది ఆయన ఉద్యోగి అమీన్ ఖానుకే.

మరి 1565లో? తనకు అన్నం పెట్టిన రామరాయలపై రక్కసి తంగడి యుద్ధంలో తక్కిన సుల్తానులతో కలిసి కత్తి దూసినవాడూ ఈయనే. కవుల పొగడ్తలు చదివి మురిసే మనం ఈ మాట వచ్చేసరికి పుట తిప్పేస్తాం. విజయనగరాన్ని తలచి కుమిలేవారు ఆ కావ్యాల ఊసే ఎత్తరు. నాకు రెండు పద్ధతులూ నచ్చవు. కృతి స్వీకరించిన చేయీ, కత్తి పట్టిన చేయీ ఒక్కటే. 1580లో ఆ మనిషి ఈ రాతి కింద పడుకున్నాడు.

2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఇక్కడ మరమ్మతులు మొదలుపెట్టాయి. వెనుకటి తరంవారు పూసిన సిమెంటును గోకి తీసి, పాతకాలపు పద్ధతిలో సున్నపుగచ్చు పూశారు. 2024లో ఆ పని ముగిసింది. నా చిన్నతనంలో నల్లగా నాచుపట్టి కనిపించిన గోడలు ఇవేనా అనిపించింది.

నేనలా నిలబడి ఉండగా, తల్లిదండ్రులతో వచ్చిన ఓ పిల్లవాడు "ఇది ఎవరిది అంకుల్?" అన్నాడు. మల్కిభరాముడని చెబితే బిక్కమొగం వేశాడు. "హుస్సేన్ సాగర్ ఈయన కాలంలోనే కట్టారు" అన్నాను.

"మరి దానికి ఈయన పేరెందుకు లేదు?"

"అది వాళ్ళ అల్లుడి పేరు బాబూ" అన్నాను. ఆ మాటకు వాళ్ళ నాన్న గట్టిగా నవ్వాడు.