బొమ్మ ఫిరంగులు – అసలు చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, కరువు భత్యం గురించో, కమ్యుటేషన్ గురించో రాయడానికి నాకన్నా సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారని మనవి చేశాను. "మీ బొమ్మల గురించి రాయండి" అన్నారు. పదవీ విరమణ చేసిన నాటి నుండి నేను ఫిరంగులకూ, యుద్ధ వాహనాలకూ చిన్న నమూనాలు చేస్తున్న సంగతి అశోక్‌నగర్, చిక్కడపల్లి మిత్రులకు తెలిసిందే. ముప్పై రెండేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాకు ఫిరంగులతో ఏం పని అని కొందరు నవ్వుతారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

సాలార్ జంగ్ మ్యూజియం 1968లో ఇప్పటి భవనంలోకి మారిన తర్వాత, నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాను. అందరూ గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడితే, నేను పిల్లల విభాగంలో బారులు తీర్చిన బొమ్మ సైనికుల ముందు నిలబడిపోయాను. ఆ ముచ్చట మనసులో ఉండిపోయింది. తర్వాత ఉద్యోగం, సంసారం, పిల్లల చదువులు. ముచ్చట తీరడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఈ వ్యాసంగం పిల్లలాటగా పుట్టినది కాదు. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ కాలంలో, 1668లో, యుద్ధమంత్రి లూవ్వా సరిహద్దు కోటలన్నిటికీ నమూనాలు చేయించడం మొదలుపెట్టాడు. కోటలో 600 అడుగులుండేది నమూనాలో ఒక్క అడుగు. ఏ బురుజు మీద ఫిరంగి పెడితే ఎంత మేర కాపాడుతుందో రాజధానిలో కూర్చునే చూసుకోవచ్చు. బొమ్మ అన్నది అక్కడ రాజ్య రహస్యం.

తర్వాత 1893లో ఇంగ్లండులోని బ్రిటన్స్ కంపెనీ లోపల డొల్లగా ఉండే సీసపు సైనికులను పోత పోయడంతో ధర తగ్గి, మామూలు ఇళ్ళకు కూడా బొమ్మ సైన్యాలు చేరాయి. రచయిత హెచ్.జి. వెల్స్ ఆ బొమ్మలతోనూ, స్ప్రింగు ఫిరంగులతోనూ యుద్ధం ఆడే పద్ధతిని 1913లో పుస్తకంగా రాశాడు. అసలు యుద్ధం కన్నా ఈ బొమ్మ యుద్ధమే మేలని ఆయన అభిప్రాయం. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

రెండవ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ ముక్కలు అతికించుకునే నమూనాలు వచ్చాయి. జపానులోని టమియా కంపెనీ 1961లో జర్మనీ వారి పాంథర్ ట్యాంకు నమూనాను తయారుచేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టేటట్టు కొలత చూసుకుంటే అది అసలులో 35వ వంతు అయింది. ఆ 35వ వంతే తర్వాత యుద్ధ వాహనాల నమూనాలకు వాడుక కొలత అయిపోయింది. మన కార్యాలయాల్లో ఎవరో ఒకసారి వేసిన ప్రొఫార్మా శాశ్వతమైపోయినట్టే!

ఇక మన ఊరి సంగతి. నారాయణగూడ నుంచి బషీర్‌బాగ్ మీదుగా ఆబిడ్స్ వెళ్ళే దారిలో గన్‌ఫౌండ్రీ అనే పేరు మనమంతా వేలసార్లు విన్నాం. బస్సు దిగాం, బ్యాంకుకు వెళ్ళాం. అది నిజంగా ఫిరంగులు పోత పోసిన చోటు అని ఎంతమందికి గుర్తుంటుంది? ఫతే మైదాన్ పక్కన 'తోప్ కా సాంచా' అని పిలిచే ఆ పాత ఇటుక కట్టడం 1786 నాటిది. రెండవ నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాన్ ఫిరంగులూ, గుళ్ళూ తయారు చేయించిన కార్ఖానా అది. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయినా, రేమాన్ సేనలకు మంచి పేరే వచ్చింది. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో నిజాం ఆంగ్లేయులతో ఒడంబడిక చేసుకున్నాడు. అక్టోబరులో సుమారు 14 వేల మంది ఉన్న ఆ ఫ్రెంచి దళం చేత ఆంగ్లేయులు పెద్దగా రక్తపాతం లేకుండానే ఆయుధాలు కింద పెట్టించారు. హైదరాబాదులో ఫ్రెంచివారి పలుకుబడి అంతటితో ముగిసింది. రేమాన్‌ను ముస్లింలు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారు. మూసారాంబాగ్ ఆయన పేరే.

అంతకు ముందు సంగతి గోల్కొండది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించిన ఆ కోట మీద, పేట్లా బురుజు పైన 'ఫతే రహబర్' అనే ఫిరంగి ఉంది. విజయానికి దారి చూపేది అని అర్థం. అన్ని నెలలు ఫిరంగులు మోగినా, చివరికి లోపలివారు తలుపు తీస్తేనే కోట పడిపోయిందన్నది వేరే సంగతి.

నేను చేసిన మొదటి నమూనా ఆ రేమాన్ కాలపు చక్రాల ఫిరంగి. ప్లాస్టిక్ కాదు. కొండపల్లి నుంచి బంధువు ఒకరు తెచ్చిచ్చిన తెల్ల పొణికి కర్ర, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కు – అచ్చం బొమ్మలవారి పద్ధతే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య కూర్చుని బొమ్మలున్న పుస్తకాలు వెతికాను. మూడు నెలలు పట్టింది. పాతదిగా కనిపించాలని గొట్టమంతా ఎర్రగా తుప్పు రంగు వేశాను. అందరూ మెచ్చుకున్నారు. మా ఆవిడ మాత్రం, "ఇది ఇనుమా, కంచా?" అని అడిగింది. కంచు అన్నాను. "కంచుకు తుప్పెక్కడ పడుతుందండీ? చిలుము కదా పట్టేది!" అంది.

నాకు నోట మాట రాలేదు. సుమారు 90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు తగరం కలిపి పోసిన ఫిరంగికి పట్టేది పచ్చటి చిలుము. రోజూ చింతపండుతో రాగి చెంబు తోమే మనిషికి తెలిసింది, లైబ్రరీకి తిరిగిన నాకు తెలియలేదు. మన భాషలోనే ఇనుముకు తుప్పు, రాగికి చిలుము అని వేరువేరు మాటలు ఉన్నాయి. ఆ ఫిరంగిని గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ రంగు వేశాను. కింద చీటీ మీద 'రేమాన్ ఫిరంగి' అని ఉన్నదాన్ని కొట్టివేసి, '18వ శతాబ్ది చివరి నాటి ఫిరంగి' అని రాశాను. ఇది ఆ కార్ఖానాలోనే పోసినదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆధారం లేనిది నోట్ ఫైలులో రాయకూడదని కదా మనకు నేర్పారు.

రెండవ పాఠం ఇంతకన్నా గట్టిది. మా అబ్బాయి పంపిన ప్లాస్టిక్ ముక్కలతో 25 పౌండర్ ఫిరంగి చేశాను. అది ఆంగ్లేయుల కాలం నాటి తోపే అయినా, 1965లోనూ, 1971లోనూ మన సైన్యం వాడినదే. అసలుది 2.47 మీటర్ల గొట్టం. 35వ వంతు నమూనాలో 7 సెంటీమీటర్లు. బాగా యుద్ధం చూసిన తోపులా ఉండాలని తుప్పు, మసి, పెచ్చులూడిన రంగు, పైన మొరం దుమ్ము – నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను.

మా వీధిలో కొడుకు దగ్గర ఉండే ఒక విశ్రాంత హవల్దారు గారు ఆ రోజు ఇంటికి వచ్చారు. ఫిరంగి దళంలో పనిచేసినవారు. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. చివరికి, "ఏంది సార్, గీ గన్నుకు డిటాచ్‌మెంట్ లేదా?" అన్నారు.

డిటాచ్‌మెంట్ అంటే తోపును నడిపే ఆరుగురు. నాకు అర్థం కాలేదు.

"ఆరుగురం ఉంటిమి సార్. కాల్చుడు అయిపోతే తిండి కన్న ముందు గన్నునే తుడుస్తుంటిమి. నూనె పెడుతుంటిమి. పల్టన్లకు జెండా ఎట్లనో, మాకు గన్ను అట్ల. గింత తుప్పు పట్టనిచ్చిన్రంటే, గా ఆరుగురు సచ్చిపోయిన్రని అర్థం."

ఆయన కోపంగా అనలేదు. కానీ నేను పేరు తెలియని ఆరుగురి మీద, ఏ విచారణా లేకుండా, పని చేయలేదని రిపోర్టు రాసినట్టు అనిపించింది. ఒక ఉద్యోగికి అంతకన్నా పెద్ద అన్యాయం ఏముంటుంది?

మర్నాడు మళ్ళీ రమ్మని అడిగాను. వారం రోజులు సాయంత్రాలు వచ్చారు. 1971 డిసెంబరులో ఆయన తూర్పు బెంగాల్ వైపు ఉన్నారు. గురి చూసే నంబర్ త్రీ ఆయన పని. "గక్కడ ఎర్రమట్టి యాడిది సార్? బూడిద రంగు ఒండ్రు" అన్నారు. రంగు ఎక్కడ అరుగుతుందో వేలు పెట్టి చూపించారు. గురి పెట్టేవాడు కూర్చునే పీట అంచు, చేత్తో తిప్పే చక్రాల పిడులు, వెనుక తలుపు తీసే మీట, తోపును ఎత్తి లాగే పట్టుకమ్ములు. మనిషి చెయ్యి పడే చోటే రంగు పోతుంది. అక్కడ కూడా తుప్పు ఉండదు, నున్నటి ఇనుము మెరుస్తుంది. పిడి చూపిస్తూ ఆయన కుడిచెయ్యి తనంతట తానే గాలిలో తిరిగింది.

చెప్పినట్టే మార్చాను. ఆయన చూసి తల ఊపి, "ఇగ డిటాచ్‌మెంట్ వచ్చింది" అన్నారు.

రెండేళ్ళ క్రితం ఆయన కాలం చేశారు. ఆ నమూనాను వారి కోడలు అడిగితే ఇచ్చాను. ఫోటో కింద పెట్టుకున్నారు.

ఈ పని చేయాలనుకునే మిత్రులకు నాలుగు ముక్కలు. ఖరీదైన సామాను అక్కర్లేదు. చాక్‌పీసు అరగదీసిన పొడి దుమ్ము అవుతుంది, బొగ్గుపొడి మసి అవుతుంది. పెన్సిలు మొన పొడిని వేలితో అంచుల మీద రుద్దితే అరిగిన ఇనుము మెరుపు వస్తుంది. రంగు పెచ్చులూడినట్టు కావాలంటే, ముందు ఇనుము రంగు వేసి ఆరనిచ్చి, తడి చేసి రాళ్ళ ఉప్పు నలిపి అక్కడక్కడ చల్లి, అది ఆరాక పై రంగు వేసి, తర్వాత ఉప్పు రాల్చాలి. మూలల్లో నీడకు పలుచటి రంగు నీళ్ళు, అంచుల వెలుగుకు రంగు దాదాపు తుడిచేసిన కుంచె. థిన్నరు వాడేటప్పుడు కిటికీలు తీసి ఉంచండి. రంగు పూసిన పాత సీసపు బొమ్మలు మనవల చేతికి ఇవ్వకండి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. కారణం చెప్పలేని మరక వేయకండి.

సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు. ఆ కంచు ఫిరంగిని అన్నిటికన్నా కింది మెట్టు మీద, చెట్టియార్ బొమ్మ పక్కన పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకుంది. పేరంటానికి వచ్చిన ఒకావిడ, "పండగపూట ఇంట్లో ఫిరంగి ఏమిటండీ?" అని అడిగారట. "అది పేలదమ్మా. చిలుము పట్టింది, చూడండి" అని చెప్పిందట మా ఆవిడ.

ఇప్పుడు నా చెయ్యి కొంచెం వణుకుతోంది, సన్న కుంచె నిలవడం లేదు. అయినా గన్‌ఫౌండ్రీ ఇటుక గోడ నమూనా ఒకటి సగంలో ఉంది. ఆసక్తి గల మిత్రులు సాయంత్రం పూట వచ్చి చూడవచ్చు. తప్పులు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి. రంగు మార్చడానికి ఇంకా వ్యవధి ఉంది.