గరం హవా

దేశ విభజన తర్వాత ఆగ్రాలో ఉండిపోయిన ఒక ముస్లిం కుటుంబం కథ చెప్పిన ఉర్దూ-హిందీ చలనచిత్రం. దర్శకుడు ఎం.ఎస్. సత్యు. ఇస్మత్ చుగ్తాయ్ అచ్చుకాని కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ చిత్రానువాదం రాశారు. 1973లో పూర్తయిన ఈ సినిమా మత ఉద్రిక్తతలు రేగుతాయన్న భయంతో సెన్సారు వద్ద ఆగి, 1974లో విడుదలైంది.

చెప్పుల తయారీదారు సలీం మీర్జా (బల్‌రాజ్ సహానీ) ఊరు వదలనంటాడు. కానీ హవేలీ పాకిస్తాన్ వెళ్లిపోయిన అన్న పేరిట ఉండటంతో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. బ్యాంకు అప్పివ్వదు, అద్దెకు ఇల్లు దొరకదు. ఇల్లు ఖాళీ చేసే రోజున ముసలితల్లి కట్టెల కొట్టులో దాక్కుంటుంది. ఆఖరి ఘడియల్లో ఆమెను పల్లకీలో ఆ ఇంటికే మోసుకొస్తారు. నిర్వాసితుల వేదనను ఇంత సూటిగా పట్టుకున్న ఘట్టాలు భారతీయ సినిమాలో అరుదు. సహానీ నటనా అంతే, ఎక్కడా గొంతు పెంచడు. విడుదలకు ముందే, 1973 ఏప్రిల్ 13న ఆయన కన్నుమూశారు.

జాతీయ సమైక్యతా చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. దీని ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య ఆ తర్వాత బాపు ‘ముత్యాల ముగ్గు’ (1975)కు పనిచేసి జాతీయ పురస్కారం అందుకున్నారు.