షీరాజ్ వైన్ నుంచి చలికాలపు నీరా దాకా: సూరత్ భోజనాల బల్ల

వైన్‌తో ఏం తినాలో చెప్పే పుస్తకం ఏది తెరిచినా ఫ్రాన్స్‌లో మొదలై ఫ్రాన్స్‌లోనే ముగుస్తుంది. మాంసానికి ఎర్రది, చేపకు తెల్లది, దానికో గ్లాసు, దీనికో గ్లాసు. సూరత్ తూర్పు వైపున, బార్డోలి రోడ్డు మీద ఉన్న పర్వత్ పాటియాలో ఆ పుస్తకం చదివి చేయగలిగిందేమీ లేదు. గుజరాత్ పుట్టిందే మద్యనిషేధంతో. 1949 నాటి బొంబాయి చట్టాన్ని 1960 మే 1న కొత్త రాష్ట్రం యథాతథంగా పుచ్చుకుంది, ఇప్పటికీ వదల్లేదు. ఆ చుట్టుపక్కల మరమగ్గాలనూ బట్టల మార్కెట్లనూ నమ్ముకుని బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో తెలంగాణ పద్మశాలీలు ఎక్కువ. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడి కూడా నడుపుతుంది. కల్లు దుకాణం మాత్రం ఉండదు.

అయినా తిండికి తగ్గ పానీయం చరిత్ర చెప్పుకోవడానికి సూరత్‌కు మించిన ఊరు నాకు కనబడదు. ఏ పళ్లెం పక్కన ఏ గిన్నె పెట్టారో ఇక్కడ నాలుగు వందల ఏళ్లుగా ఎవరో ఒకరు రాసిపెడుతూనే వచ్చారు. ఆ రాతలన్నీ వరసగా చూస్తే ఒక్క సంగతి తేలుతుంది. ఈ ఊళ్లో పానీయాన్ని ఎంచింది ముందుగా ఓడ, తర్వాత పన్ను, ఆ తర్వాత చట్టం. నాలుక వంతు ఎప్పుడూ చివరిదే.

సూరత్ ఇంకా ఊరుగా ఎదగక ముందే పక్కనున్న భరూచ్‌కు వైన్ వచ్చేది. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసుకున్న ‘పెరిప్లస్’లో ఆ రేవుకు దిగుమతయ్యే సరుకుల జాబితా ఉంది. అందులో వైన్ మొదట్లోనే కనిపిస్తుంది: ఇటలీది మేలు రకం, ఆ తర్వాతే లవొదికియది, అరేబియాది. రాజుగారికైతే వెండి పాత్రలతో పాటు శ్రేష్ఠమైన వైన్ వేరుగా తేవాలట. మన గ్రంథాలకూ ఈ సంగతి కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ద్రాక్షరసంతో చేసిన మధువును అది వచ్చిన చోటు పేరుతో గుర్తిస్తుంది, కాపిశాయనమని, హారహూరకమని. నేటి సీసా మీద ఊరి పేరు అచ్చువేసి గర్వపడేవాళ్లు ఈ మాట గమనించాలి. కామసూత్రం పానగోష్ఠి గురించి చెబుతూ ఉప్పనివి, పండ్లు, ఆకుకూరలు, చేదువి, కారపువి, పులుపువి నంజుకోవాలంటుంది. శతాబ్దాల కిందటి జాబితా ఇది. చివర వేయించిన పల్లీలు చేరిస్తే ఇవాళ్టి బార్‌లోనూ చెల్లుతుంది.

ఇక సూరత్. ఇంగ్లీషు వాళ్ల ఓడ హెక్టర్ ఇక్కడికి 1608లో వచ్చింది, 1613లో వాళ్ల కోఠీ, అంటే వర్తక స్థావరం, నిలదొక్కుకుంది. వాళ్ల తాగుడు చరిత్ర ఒక చావుతో మొదలవుతుంది. టామస్ కోర్యాట్ అనే వింత యాత్రికుడు పశ్చిమాసియా నుంచి అజ్మీరు దాకా కాలినడకన వచ్చినవాడు. 1617 చివర్లో, కడుపు పాడై ఉన్న స్థితిలోనే, సూరత్ చేరాడు. ఇంగ్లండు నుంచి కొత్తగా స్పెయిన్ తెల్లవైన్ వచ్చిందని తోటి వర్తకులు ఆశపెట్టారు. ఆ పేరు వినగానే ఆగలేకపోయాడని, తాగిన కొద్దికాలానికే రక్తవిరేచనాలు ముదిరి పోయాడని ఆనాటి పాదిరి ఎడ్వర్డ్ టెర్రీ రాశాడు. ఖాళీ కడుపుకీ జబ్బు కడుపుకీ ఏ వైన్ నప్పుతుందన్న ప్రశ్నకు అంతకన్నా స్పష్టమైన జవాబు ఉండదు.

ఇంకో ఇరవై ఏళ్లకు, 1638లో, మాండెల్‌స్లో అనే జర్మన్ యువకుడు పర్షియా మీదుగా వచ్చి సూరత్ కోఠీలో అతిథిగా ఉన్నాడు. రోజూ కూడినప్పుడు తేనీరు మాత్రమే ఇచ్చేవారట. శుక్రవారం ప్రార్థన అయ్యాక మాత్రం స్వదేశంలో వదిలొచ్చిన భార్యల క్షేమం కోరి పాత్రలు ఎత్తేవారు. సారా, పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలిపిన పంచ్ ఒకటి, స్పానిష్ వైన్ ఒకటి. ఎవరి ఇష్టం వాళ్లది. భార్యల ఆరోగ్యం కోసం తూలిపోయినవాళ్లూ ఉన్నారని ఆయన దాచకుండా రాశాడు.

ఈ కథలో మన తీరానికి ఉన్న వాటాను తెలుగు పాఠకులు పెద్దగా పట్టించుకోలేదు. మాండెల్‌స్లోకు ఆతిథ్యమిచ్చిన కోఠీ అధ్యక్షుడు విలియం మెత్‌వోల్డ్ అంతకుముందు, 1618 నుంచి 1622 దాకా, మచిలీపట్నంలో పనిచేసినవాడు. గోల్కొండ రాజ్యం గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి రచనల్లో ఒకటి ఆయనదే. ఇంగ్లీషు రాతల్లో పంచ్ ప్రస్తావన మొదట దొరికేది కూడా ఆంధ్ర తీరంలోనే. 1632 సెప్టెంబరులో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన పెటపోలిలోని వర్తకుడు కోలీకి ఉత్తరం రాస్తూ, ఇంటిని చక్కగా నడుపుకోండి, పంచ్ తాగడానికి లెక్క పెట్టుకోకండి అన్న అర్థంలో సలహా ఇచ్చాడు. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. ఇప్పుడు లండన్ హోటళ్లలో గాజుగిన్నెలో కలిపి ఇచ్చే పానీయానికి తొలి సాక్ష్యం నిజాంపట్నం టపాలో ఉందన్నమాట.

సూరత్ భోజనాల బల్లను అన్నిటికన్నా వివరంగా చూపినవాడు 1689లో వచ్చిన పాదిరి జాన్ ఓవింగ్‌టన్. ఇంగ్లీషువాడొకడు, పోర్చుగీసువాడొకడు, మనవాడొకడు, వంటవాళ్లు ముగ్గురు. ఎవరి నాలుకకు తగ్గది వాళ్లు తింటారు. కంచాలూ పాత్రలూ దళసరి వెండివి. మసాలా వేసిన పలావు మధ్యలో ఉడికించిన కోడి. కిస్‌మిస్, బాదం కూరి వెన్నతో మగ్గబెట్టిన దమ్ కోడి. ఉప్పు, మిరియాలు చల్లి, నూనెలో వెల్లుల్లిలో ముంచి, ఆకుల్ని మధ్యమధ్య గుచ్చి కాల్చిన కబాబు. ఆకలి పుట్టించడానికి మామిడి ఆవకాయ, వెదురు పచ్చడి, సోయా సాస్. వీటికి తోడుగా బల్ల మీద ఉండేవి రెండే: పర్షియా నుంచి వచ్చే షీరాజ్ వైన్, సారాతో చేసిన పంచ్. యూరప్ వైన్, సీసా బీరు కూడా వచ్చేవి. కానీ అవి బోలెడు ఖరీదు, పైగా ప్రయాణపు వేడికి సారం చచ్చిపోయినవి. రుచి కోసం కాక అరుదైనవని మాత్రమే జనం వాటికోసం ఎగబడతారని పాదిరిగారు తేల్చేశారు.

ఈ ఒక్క వాక్యం నాకు వంద పాఠాలపాటి చేస్తుంది. ఆఫ్రికా చుట్టి నెలల తరబడి ఓడ అడుగున మరిగిన ఫ్రెంచి సీసా కన్నా, గల్ఫ్ దాటి వారాల్లో చేరే షీరాజ్ సీసా మేలన్నది అనుభవం చెప్పిన తీర్పు. మిరియాలు, వెల్లుల్లి, ఆవకాయ దండిగా ఉన్న పళ్లెం పక్కన తీపీ పులుపూ నీళ్లూ కలిసిన పంచ్ కూర్చుందంటే అదేం యాదృచ్ఛికం కాదు. పేరు పెట్టకుండానే వాళ్లు కారానికి తీపీ పులుపూ తోడన్న, ఈ రోజు నిపుణులు చెప్పే సూత్రాన్ని పాటించారు.

తర్వాతి రెండు శతాబ్దాల్లో వ్యాపారం బొంబాయికి తరలింది, సూరత్ బల్ల చిన్నదైంది. అప్పుడు రంగంలోకి దిగింది పన్ను. 1878 నాటి బొంబాయి ఆబ్కారీ చట్టం గీత చెట్టుకు పన్ను వేసింది, ఇంటి దగ్గర ఇప్పసారా కాచుకోవడాన్ని నేరం చేసింది. దక్షిణ గుజరాత్ ఆదివాసీ తన ఇప్పపువ్వును తానే కాచుకునే రోజులు పోయి, లైసెన్సున్న దుకాణంలో, చాలాచోట్ల పార్సీ వ్యాపారి దగ్గర, కొనాల్సి వచ్చింది. అప్పులు పెరిగాయి, భూములు పోయాయి. 1922 నవంబరులో సూరత్ జిల్లా తూర్పు తాలూకాల్లో ‘దేవి’ వెలిసింది. తీరప్రాంతపు బెస్తల దగ్గర మశూచి శాంతిగా మొదలైన ఆ పూనకం కొండల్లోకి వచ్చేసరికి ఆజ్ఞలు ఇవ్వసాగింది: సారా మానండి, కల్లు మానండి, మాంసం చేపలు మానండి, రోజూ స్నానం చేయండి, పార్సీ దుకాణదారుడి దగ్గర పని చేయకండి. చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ దీని మీద ఒక పుస్తకమే రాశాడు. నన్ను ఆకట్టుకునేది ఇందులో ఒక చిన్న అంశం: దేవి గిన్నెను ఒక్కదాన్నే తీసేయమనలేదు, పక్కనున్న పళ్లేన్నీ తీసేయమంది. కల్లు పోతే చేపకూర కూడా పోవాలి. రెండూ ఎంత గట్టిగా పెనవేసుకున్నాయో ఆ తల్లికి తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1923లో, సూరత్‌కు చెందిన హజూరీ కుటుంబం విదేశీ షర్బత్తులకు పోటీగా ఒక స్వదేశీ సోడా మొదలుపెట్టింది. ద్రాక్ష, యాపిల్ రుచులు కలిసిన ఆ సోస్యో ఇప్పటికీ సూరత్ హోటళ్లలో కారం పళ్లెం పక్కన కనిపిస్తుంది. మద్యం లేని ఊరు తన వైన్‌ను తానే కనిపెట్టుకుందని నేనంటాను. వైన్ పండితులు నవ్వితే నవ్వనీండి.

మన వైపు కథ వేరే దారి పట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించడంతో లేచిన ఉద్యమం 1993 అక్టోబరు 1 సారా నిషేధానికీ, 1995 జనవరి సంపూర్ణ నిషేధానికీ దారితీసింది. 1997లో అది సడలిపోయింది. ఈ గాలివానలన్నిటిలోనూ కల్లు మీద మమకారం మాత్రం చావలేదు. తెలంగాణ పల్లెలో పోచమ్మకు సాక పోయాలన్నా, పెళ్లికైనా చావుకైనా చుట్టాలు కూడినా లొట్టి దిగాల్సిందే.

రుచి చూడటమంటే ఏమిటో ఆ కల్లు మండువ దగ్గరే నేర్చుకోవచ్చు. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాటిలో పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని మళ్లీ రకాలు. పొద్దున దించింది తియ్యగా, నురగతో ఉంటుంది. మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది. మర్నాటికి దాదాపు సిర్కా. చెట్టునుంచి కారే రసంలో నూటికి పది నుంచి పదిహేను పాళ్లు చక్కెర ఉంటుంది, గాలిలోని ఈస్టూ బాక్టీరియా గంటల్లో దాన్ని పట్టుకుంటాయి. బాగా పులిసినా ఆల్కహాలు నాలుగైదు శాతం దగ్గరే ఉంటుంది. తాటాకు రేకలో పోయించుకుని ముందు వాసన చూసి, ఒక గుక్క పుక్కిట పట్టి, ఏ చెట్టుదో చెప్పే ముసలాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1984లో అమెరికాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ వైన్ వాసనలన్నిటినీ ఒక చక్రంలో అమర్చి చూపింది. అక్కడ నేర్పేదీ ఇదే: చూడు, వాసన చూడు, తొందరపడకుండా మింగు.

లొట్టి పక్కన ఉండేవి ఏమిటి? గుడాలు, బోటి కూర, తలకాయ కూర, ఎండు చేప, వేయించిన పల్లీలు. అన్నీ కారం, ఉప్పు. మిరప మంటను ఆల్కహాలు పెంచుతుంది, ఎర్ర వైన్‌లోని వగరు ఇంకా రెచ్చగొడుతుంది. కల్లులో ఆల్కహాలు తక్కువ, వగరు లేదు, కాస్త తీపి, కాస్త పులుపు, మట్టికుండ చలవ. బోటి కూరకు అంతకన్నా తగిన జోడీని ఏ ఫ్రెంచి నిపుణుడూ చూపలేడు.

సూరత్ నుంచి కొన్ని గంటల ప్రయాణం చేస్తే నాసిక్. అక్కడ రాజీవ్ సామంత్ సూలా తోటలు వేసి 2000లో తొలి వైన్ అమ్మకానికి పెట్టాడు, 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష విధానం తెచ్చాక ఆ చుట్టూ వైనరీలు మొలిచాయి. చట్టం అనుమతించే చోట ఉన్న తెలుగువాళ్లకు, కల్లు నేర్పిన లెక్కతోనే సీసా ఎంచుకోమని చెబుతాను. కోడి వేపుడుకు, గోంగూర మాంసానికి వగరు ఎర్ర వైన్ వద్దు. కొద్దిగా తీపి మిగిల్చిన శెనిన్ బ్లాంక్ గానీ రీస్లింగ్ గానీ మేలు. చింతపండు పులుసు ముందు పులుపు తక్కువ వైన్ నీళ్లలా తేలిపోతుంది, జామకాయ వాసన వచ్చే సొవిన్యో బ్లాంక్ నిలబడుతుంది. బెల్లం వేసిన గుజరాతీ పప్పుతో తీపిలేని వైన్ ఉత్త పులుపనిపిస్తుంది. చేపకు ఎర్ర వైన్ కూడదన్నది ఉత్త ఆచారమే అనుకునేవాణ్ని గానీ, అందులోని ఇనుము నీచు రుచిని లేపుతుందని 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఎర్ర వైన్‌ను గది వేడిమిలో పోయాలన్నది యూరప్ చలి ఇళ్ల మాట, అక్కడి గది పదహారు పద్దెనిమిది డిగ్రీలు. మన మే నెల గదిలో పోస్తే ఓవింగ్‌టన్ తిట్టిన సరుకే గ్లాసులోకి వస్తుంది. ఎర్రదాన్నైనా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లదైతే పది డిగ్రీల దగ్గర, గ్లాసులో మూడోవంతుకు మించకుండా పోయండి.

2023లో మూడు ముచ్చట్లు జరిగాయి. జనవరిలో సోస్యోలో సగం వాటా రిలయన్స్ చేతికి వెళ్లింది. మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద తెలంగాణ ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. డిసెంబరులో గుజరాత్ ప్రభుత్వం గాంధీనగర్ గిఫ్ట్ సిటీ అనే ఆర్థిక కేంద్రంలో ఉద్యోగులకూ అనుమతి పొందిన అతిథులకూ భోజనంతో పాటు మద్యం తాగే వీలు కల్పించింది. సూటూ బూటూ వేసుకున్నవాడికి ఆ సడలింపు దక్కింది, మరమగ్గం తిప్పేవాడికి దక్కలేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. నిషేధం మంచిదైతే అందరికీ ఉండాలి, కాకపోతే ఎవరికీ ఉండకూడదు.

పర్వత్ పాటియా వాసికి చట్టం ఇచ్చినదల్లా నీరా. గాంధీజీ మెచ్చుకున్న పానీయం అది, కుండకు సున్నం పూసి పులవకుండా దించిన ఈత రసం. చలికాలం తెల్లవారుజామున సూరత్‌లో అమ్ముతారు. ఆ రోజుల్లోనే పోంక్ కూడా వస్తుంది. అంటే మన ఊచబియ్యమే, లేత జొన్న గింజలు కాల్చి రాలగొట్టినవి. సన్న సేవ్, నిమ్మకాయ, మిరియాలతో తింటారు. తియ్యటి నీరాకు ఆ ఉప్పూ పులుపూ బాగా అమరుతాయి. డిసెంబరులోనో జనవరిలోనో అటు వెళ్తే ఎండ రాకముందే తాగేయండి. పొద్దెక్కాక మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. అప్పటికది పులిసి కల్లయిపోతుంది, గుజరాత్‌లో కల్లు తాగడం నేరం.