తెర తన కొలత చెప్పుకొన్న కథ

కోనసీమలోని నగరం గ్రామమున ఒక విద్యార్థి లాప్‌టాపులో తన ఊరి పేరు టైపు చేసెననుకొందము. చివరి సున్న గుండ్రముగా నున్నచో తెర సరిగా నున్నట్లే. అది కోడిగ్రుడ్డువలె అడ్డముగా సాగి అంచులు మసకబారినచో రిజల్యూషన్ తప్పినదన్నమాట. లాప్‌టాపు తెరలో చుక్కల సంఖ్య తయారీనాడే స్థిరపడును. అడ్డముగా 1366, నిలువుగా 768 చుక్కలు గల తెరపై 1024×768 బొమ్మను నింపినచో, ప్రతి మూడు చుక్కలును రమారమి నాలుగింటిపై పరచుకొనవలసి వచ్చును. 'స్త్రీ' వంటి అక్షరమున వత్తుల సన్నని గీతలు అలుముకొనిపోవును.

యంత్రమునకు తన తెర యెంతదో తెలియకపోవుట యెట్లు? దీని వెనుక పాత కథ కలదు.

1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వెలువరించినాడు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కూర్చిన తెలుగు వ్యవస్థకు కూడ ఇదియే పునాది. దానిపై బొమ్మలు చూపుటకు, 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో పద్ధతి ఆధారమైనది. ఆనాటి తెరలు కాథోడ్ కిరణ గొట్టములు. ఎలక్ట్రాను పుంజము పొలము దున్నునట్లు చాలు వెంట చాలుగా సాగును. చాలు చివరినుండి వెనుకకు మరలుటకు దానికి కొంత వ్యవధి కావలెను. 1987లో ఐ.బి.యం. ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో కనిపించునవి 640×480 చుక్కలే. తిరుగు ప్రయాణమును కూడ కలిపిన 800×525. చుక్కల వేగము సెకనుకు 2,51,75,000. దీనిని 800 చేతను, పిదప 525 చేతను భాగించిన 59.94 వచ్చును. అనగా తెర సెకనుకు దాదాపు 60 సార్లు నిండునన్నమాట.

ఇట్టి అంకెలను 'మోడ్‌లైను' అను ఒక్క వరుసలో వాడుకరియే వ్రాయవలసి యుండెడిది. మానిటరుతో వచ్చిన చిన్న పుస్తకము పోయినదా, చిక్కే. తాళలేని వేగము నిచ్చినచో కొన్ని తెరలలోని సర్క్యూట్లు వేడెక్కి చెడిపోయెడివి. అంకె తప్పు వ్రాసినందుకు సామానే కాలిపోవుట కంప్యూటర్ల లోకమున అరుదైన శిక్ష.

ఈ బాధ తగ్గించుటకు 1994లో వెసా అను తయారీదారుల సంఘము ఇ.డి.ఐ.డి. అను ఏర్పాటు చేసినది. తెరయే తన కొలతలను 128 బైట్లలో దాచుకొని, అడిగినప్పుడు తీగవెంట చెప్పును. ఆ 128 సంఖ్యలను కూడి 256 చే భాగించిన శేషము సున్న రావలెను. రానిచో ఆ మాట నమ్మదగదు.

ఐనను వెడల్పు తెరల లాప్‌టాపులు వ్యాపించిన 2005 ప్రాంతమున చిక్కు మరల తలయెత్తినది. తెర 1280×800 చుక్కలది. కొన్ని ఇంటెల్ చిప్పుల వీడియో బయాస్ పట్టికలో ఆ కొలతయే లేదు. ఆనాటి డ్రైవరు ఆ పట్టిక గీత దాటలేదు. అప్పుడు '915రిజల్యూషన్' అను చిన్న ప్రోగ్రాము మెమరీలోని పట్టికలో అక్కరలేని వరుసను చెరిపి, కావలసిన కొలతను వ్రాసెడిది. యంత్రము ఆపి వెలిగించినంతనే ఆ దిద్దుబాటు పోయెడిది, మరల వ్రాయవలెను! 2007లో ఇంటెల్ డ్రైవరు ఈ పనికి బయాస్‌పై ఆధారపడుట మానినది. 2009లో ఆ బాధ్యతను కెర్నెల్ స్వీకరించినది.

ఎక్స్ పద్ధతి నడచుచున్న యంత్రములలో 'ఎక్స్‌రాండర్' అను ఆజ్ఞ నిచ్చినచో కొలతల జాబితా కనిపించును. నక్షత్రపు గుర్తు గలది ప్రస్తుతము నడచునది. కూడిక గుర్తు గలది తెర తానై కోరునది. రెండు గుర్తులును వేరు వేరు వరుసలలో నున్నచో మొదట అచ్చటనే వెదకవలెను. జాబితాలో పెద్ద కొలతలే లేనిచో సరియైన డ్రైవరు ఎక్కినదో లేదో చూడవలెను. తెర మాట అందనప్పుడు మోడ్‌లైను లెక్క కట్టుటకు 'సి.వి.టి.' అను ప్రోగ్రాము కలదు. పాత చేతిపనియే, గుణకారము మాత్రము యంత్రము చేయును.

ఇందులో నొక వింత కలదు. 768 వరుసలకు 16:9 వెడల్పు కావలెనన్న 1365⅓ చుక్కలు రావలెను. తయారీదారులు 1366 చేసినారు. కాని సి.వి.టి. సూత్రము అడ్డపు కొలతను ఎనిమిదేసి చుక్కల మెట్లలోనే లెక్కించును. 1366ను ఎనిమిదిచే భాగించిన 6 శేషించును గనుక 1366 అడిగినను 1368 ఇచ్చును. ఇ.డి.ఐ.డి.లోని సంక్షిప్త జాబితాకును ఇదే లోపము. లినక్స్ మూలప్రతి అందరికిని తెరచియున్నది గనుక ఎవరైనను చూడవచ్చును: అట్టి లెక్కనుండి 1368×768 వచ్చినప్పుడు, రెండు చుక్కలు తగ్గించి 1366గా దిద్దు కొద్ది వరుసల ప్రక్రియ అందు కలదు.